మెస్సౌద్ మాట

మే 9, 1979

కాఫీ తాగుతావా అని అడిగినందుకు అన్నయ్య నాతో మాటలు మానేశాడు. ఇంకెక్కడైనా చెబితే నవ్వుతారు. మా ఊరు తెలెమ్సెన్‌లో చెబితే ఎవరూ నవ్వరు.

నేను "కహ్వా" అన్నాను. వంటింటి గుమ్మంలో నిలబడి, అమ్మా అత్తా వింటుండగా. ఈ ఊరి వాళ్ళం ఆ మొదటి అక్షరాన్ని గొంతులోనే మింగేసి "అహ్వా" అంటాం. మాట వచ్చినప్పటి నుంచీ నేనూ అదే అన్నాను. ఊరు దాటి మైదానాల్లోకి వెళితే గొర్రెల కాపరులు "గహ్వా" అంటారు. రేడియోలో, యూనివర్సిటీలో "కహ్వా". మూడూ ఒకే కాఫీ. కానీ ఎవరు ఏ అక్షరంతో అడుగుతున్నారన్నదే ఇక్కడ అందరూ ముందు వింటారు.

అన్నయ్య ఫెతీ చేతిలోని రొట్టె కింద పెట్టి, "అమ్మా, వంటింట్లో రేడియో ఎవరు పెట్టారు? కట్టెయ్" అన్నాడు.

జులీఖా అత్త అందుకుంది. "పోనీలేరా, యూనివర్సిటీ నీళ్ళు పడ్డాయి. ఇంకొన్నాళ్ళు పోతే పిల్ల మనతో దుబాసీని పెట్టుకుని మాట్లాడుతుంది."

అమ్మ నా వంక చూడకుండానే కాఫీ గిన్నె పొయ్యి మీంచి దించేసింది. 

వీళ్ళ లెక్కలో నేను ఊరిని చూసి సిగ్గుపడే పిల్లని. అది నిజం కాదు. ఓరాన్ రేడియోలో ఆడవాళ్ళ కార్యక్రమానికి గొంతు కావాలి. డైరెక్టరు సీ బూజెమా మొదటిరోజే మొహం మీద చెప్పాడు: "నీ గొంతు బాగుంది వసీలా, నీ ఊరే బాగాలేదు. ఆ 'అ' ఎక్కడైనా వదిలేసి రా." వదిలేశాను. పని కోసం చేసిందాన్ని సిగ్గు అంటే ఎలా? మా మగవాళ్ళు నోరు తెరిస్తే చాలు, దేశమంతా ఆడంగి మాటలంటూ వెక్కిరిస్తుంది. అందుకే ఫెతీ కూడా మిలిటరీలో ఉన్నన్నాళ్ళూ 'గ' అనేవాడు. సెలవుల్లో ఇంటికొచ్చి యూనిఫారంతో పాటు దాన్నీ విప్పేవాడు. వాడిని ఎవరైనా ఏమైనా అన్నారా?

మే 12

పని వచ్చింది!

జూలై అయిదున స్వాతంత్ర్య దినానికి ఒకప్పటి మంత్రి మెస్సౌద్ బాబాయి జీవితం ఆయన నోటితోనే వినిపించాలట. "మీ ఊరాయనేగా, నువ్వే వెళ్ళు. ఇది బాగా వస్తే ఆడవాళ్ళ కార్యక్రమం నీదే. రాకపోతే నాకు చాలామంది ఉన్నారు" అన్నాడు సీ బూజెమా. టేపు రికార్డరు ఇచ్చారు, సూట్‌కేసంత ఉంది.

ఇంట్లో చెప్పగానే ఫెతీకి మాట వచ్చింది. "ఆయన దగ్గరికా! సరిపోయారు ఇద్దరూ."

ఊరి కోపం నాకు తెలుసు. దేశమంతా మెస్సౌద్ బాబాయి అని పిలుచుకునే మనిషి మా వీధిలో మగ్గం నేసే ఇంట్లో పుట్టిన ఘౌతీ. ఫ్రెంచివాళ్ళ మీద యుద్ధంలోకి 'అహ్వా' అంటూ వెళ్ళాడు, 'గహ్వా' అంటూ వచ్చాడు. వచ్చాక కూడా మార్చుకోలేదు. మంత్రిగా అదే మాట, పార్టీ సభల్లో అదే మాట. ఆయన రేడియోలో మాట్లాడితే దేశమంతా పనులు ఆపి వినేది, ఒక్క మా ఊరు తప్ప.

"కన్నతల్లి శవం దగ్గర కూడా గొర్రెల కాపరిలాగే ఏడ్చాడే. నేను అక్కడే ఉన్నాను" అంది అత్త. ఇది ఆమె ఎన్నోసార్లు చెప్పింది. ఈసారి నా వంక చూస్తూ చెప్పింది.

మే 15

కొండ మీద ఎల్ ఉబ్బాద్‌లో చిన్న ఇల్లు. ప్రభుత్వం రాజధానిలో ఇస్తానన్న మేడ వద్దనుకుని వచ్చి ఉంటున్నది ఇదే. ముంగిట్లో చెర్రీ చెట్టు, దాని కింద గొర్రె తోలు పరుచుకుని ఆయన. అనుకున్నదానికంటే చిన్న మనిషి. చేతి మీద కాలిన మచ్చ.

"ఏమే పిల్లా, గహ్వా తాగుతావా?"

ఆయన చెల్లెలు, ఊరంతా గౌరవంగా లాలా అని పిలిచే యమీనా, లోపల్నుంచి కేకేసింది. "ఆ పిల్ల మన వీధి పిల్ల, అహ్వా తాగుతుంది. గహ్వా కావాలంటే నువ్వే కాచుకో."

ఆయన నవ్వాడు. "చూశావా? ఫ్రెంచివాళ్ళు పోయినా ఈవిడ పోలేదు."

"ఇంట్లో ఒక్క గొర్రె లేదు గానీ గొర్రెల కాపరి మాత్రం ఉన్నాడమ్మా" అంది ఆవిడ, కప్పులు తెచ్చి పెడుతూ.

నేనేమో "కహ్వా చాలా బాగుంది" అన్నాను. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒక్కసారే నా వైపు చూశారు. చెట్టు కింద మూడు అక్షరాలూ కూర్చున్నాయి.

మే 16

ఈరోజు మగ్గం గురించి చెప్పాడు. వాళ్ళ నాన్న నేస్తూ పాడిన పాటలు. అవీ 'గ' తోనే చెప్పాడు. చెవికి గుచ్చుకుంది.

మే 20

ఈయనంటే నాకు అభిమానం కలుగుతోంది. వద్దనుకున్నా సరే.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో జరిగిన సంగతి చెప్పాడు. కొండల్లోంచి దిగిన దళం ఒకటి, సరిహద్దు నుంచి వచ్చిన దళం ఒకటి. ఏడేళ్ళు ఒకే శత్రువుతో పోరాడినవాళ్ళు, ఊరు ఎవరి చేతిలో ఉండాలని సంత మైదానంలో తుపాకులు ఎదురెదురుగా పెట్టుకున్నారు. ఈయన మధ్యలోకి నడుచుకుంటూ వెళ్ళాడట. చేతిలో ఏమీ లేదు. రెండు వైపులా తేరిపార చూసి కాపరి గొంతుతో కేకేశాడు: "ఒరేయ్, మీ గొర్రెలేవి? ఒక్కటీ కనపడదు! మరి ఇంతమంది దేనికి కాపలా కాస్తున్నారురా?"

ముందు ఒకడెవడో నవ్వాడు. తర్వాత అవతలివైపు ఒకడు. నవ్వేవాడు గురిపెట్టలేడు కదా అన్నాడు. ఆ సాయంత్రానికి రెండు దళాలూ ఒకే గుండిగలో వండుకున్నాయట.

"భయం వెయ్యలేదా?" అన్నాను.

"వేసింది.  అందుకే నడుస్తూనే ఉన్నాను. ఆగితే తెలిసిపోయేది."

"మన ఊరి మాటతో చెబితే వాళ్ళు వినేవాళ్ళు కాదా?"

లాలా యమీనా చెర్రీలు తుడుస్తోంది. ఆమె చెయ్యి ఆగింది. ఆయన చెట్టు వంక చూసి, "పిట్టలు పండ్లన్నీ తినేస్తున్నాయి" అన్నాడు.

అర్థమైంది. ఆయనకీ నా సంగతే. పైకి రావాలంటే 'అ' పనికిరాదు. ఆయన ఒప్పుకోడు, అంతే. ఇంట్లో అదే చెప్పాను.

ఫెతీ అన్నాడు, "అంటే నువ్వు ఒప్పుకుంటున్నావన్నమాట."

మే 27

మెస్సౌద్ బాబాయి ఊళ్ళో లేడు. పొద్దున్నే మైదానాల నుంచి ఎవరో లారీలో వచ్చి తీసుకెళ్ళారట. "ఎవరో పోయారు" అంది లాలా యమీనా. ఎవరని అడిగితే, "వాడే చెబుతాడులే. ఇప్పుడు చెప్పొచ్చు" అంది.

'ఇప్పుడు' ఏమిటి? ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పకూడదట?

మే 31

ఇంకా రాలేదు. సీ బూజెమా ఫోను చేశాడు. ఫోనులో అమ్మ ముందే 'కహ్వా' గొంతుతో మాట్లాడాల్సి వచ్చింది. అమ్మ గదిలోంచి వెళ్ళిపోయింది.

జూన్ 3

ఇంటికి రాగానే రాస్తున్నాను, అక్షరాలు ఎలా వస్తే అలా.

ఆయన చెట్టు కిందే ఉన్నాడు. గడ్డం మాసింది. నేను మైకు పెడుతుంటే అన్నాడు: "కూర్చో తల్లీ. ముందు అహ్వా తాగు."

వంటింట్లో ఏదో కింద పడింది. లాలా యమీనా గుమ్మంలోకి వచ్చి, గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ తన అన్న నోట ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. గొంతే వేరు. మెత్తగా, కాస్త సాగదీస్తూ, అచ్చం మా తాతయ్య గొంతు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. టేపులో ఉంది. అయినా నాకు ఇక్కడ కావాలి.

యుద్ధంలో ఆయన పని సంతల మీదుగా కబుర్లు మోయడం. తోడు మెస్సౌద్ అనే కాపరి. మెస్సౌద్ అంటే ఈయన కాదు, నిజం మెస్సౌద్. పట్నం మనిషిని కాపరిగా మార్చడం అతని వంతు. గొర్రెల వెనక నడుస్తూ "గ అను, గ అను" అని ప్రాణం తీసేవాడట. ఈయన తప్పు పలికితే గొర్రెలకు చెప్పేవాడట: "అమ్మల్లారా, ఈయన మాట పట్టించుకోకండి, చదువుకున్నవాడు." అతనికో సరదా ఉంది. నేర్పుతూ నేర్పుతూ తానూ ఈయన 'అ' పట్టేశాడు. దళంలో అందరినీ కూర్చోబెట్టి తెలెమ్సెన్ పెద్దమనుషుల్లా మాట్లాడి నవ్వించేవాడు.

సెబ్దూ అనే ఊళ్ళో సంతరోజు. కాఫీ దుకాణం నిండా జనం. ఫ్రెంచి సైన్యం ఘౌతీ అనేవాడి కోసం వెతుకుతోంది. ఫోటో లేదు. తెలెమ్సెన్ వాడని మాత్రం తెలుసు. అందుకని వాళ్ళ కొలువులో చేరిన మనవాడొకడిని దుకాణంలో కూర్చోబెట్టారు, చెవులతో పట్టుకోమని. కుర్రాడెవడో తగిలి, సలసల కాగే కాఫీ ఘౌతీ చేతి మీద ఒలికింది.

"'అల్బీ' అనేశాను" అన్నాడు.

నా గుండే అని. మాకు దెబ్బ తగిలితే నోట్లోంచి వచ్చే మాట అదే. కాపరి అయితే 'గల్బీ' అనాలి. ఎన్ని నెలలు నేర్చుకున్నా, చెయ్యి కాలినప్పుడు నాలుక అమ్మ దగ్గరికే పరుగెత్తింది.

"ఎవడది? ఎవడన్నాడు?" అని లేచాడు ఆ చెవుల మనిషి.

మెస్సౌద్ వెంటనే తన చెయ్యి ఊపుకుంటూ గోల మొదలుపెట్టాడు. "ఆహా అల్బీ! అయ్యో నా అహ్వా! పట్టులాంటి చెయ్యి, ఎవరైనా పన్నీరు చల్లండర్రా!" దుకాణమంతా నవ్వు. మెస్సౌద్ అనుకున్నది, ఇదంతా వెక్కిరింతేనని తేలిపోతుందని. కానీ చెవుల మనిషి నవ్వలేదు. "ఇంత బాగా కాపరికి రాదు. వీడే తెలెమ్సెన్ వాడు" అన్నాడు.

మరీ బాగా పలికాడు. అదీ జరిగింది.

"నేను లేవబోయాను. బల్ల కింద నా పాదం మీద వాడి బూటు పెట్టి తొక్కాడు, ఎముక కలుక్కుమంది. కబుర్లన్నీ నా దగ్గరున్నాయి, పేర్లన్నీ నా తలలో ఉన్నాయి. వాడికి తెలుసు. పేరేమిట్రా అని అడిగారు. 'ఘౌతీ' అన్నాడు. వాడి నోట్లో ఎంత బాగుందో నా పేరు. మా అమ్మ పిలిచినట్టే."

మెస్సౌద్ తిరిగి రాలేదు. ఈయన, సంచిలో మిగిలిపోయిన అతని కాగితాలతో, అతని పేరుతో, అతని గొర్రెలతో మైదానాలకు వెళ్ళాడు. గుడారంలో అతని తల్లి లాలా హద్దా ఉంది. జరిగింది చెప్పాడు, అతను నేర్పిన మాటతోనే. ఆమె ఏడవలేదట. ముగించాక అడిగిందట: "ఇంకాస్త మాట్లాడు నాయనా. ఏదైనా సరే." వాన గురించి చెప్పాడు. గడ్డి గురించి చెప్పాడు. "వాడే. గొంతు వేరు గానీ మాట వాడిదే. నేను బతికున్నంత కాలం ఇది మానకు" అంది.

తర్వాత ఎవరో ఆమెకు చిన్న రేడియో కొనిచ్చారు. అంతే. ఆ తర్వాత ఈయన ఎక్కడ మాట్లాడినా, అసెంబ్లీలో అయినా, విదేశాల్లో అయినా, ఆ గుడారంలో ఒక ముసలమ్మ వింటోంది.

ఆమె మే 26న పోయింది.

"మాట తీరిపోయింది తల్లీ. ఇక నేను ఇంటికి వచ్చెయ్యొచ్చు" అన్నాడు.

జూన్ 4

నిన్న వచ్చేటప్పుడు లాలా యమీనాను గేటు దగ్గర అడిగాను. మీకు ముందే తెలుసా అని.

"తెలియకపోవడమేమిటే? మా అమ్మ పోయినప్పుడు ఆ హద్దా మైదానం నుంచి వచ్చి ఇదే ముంగిట్లో కూర్చుంది. కూర్చుని వింటోంది. ఇక వాడు ఏ మాటతో ఏడుస్తాడు?"

"ఊరంతా ఇన్నేళ్ళు ఇన్ని మాటలంటుంటే మీరు చెప్పలేదేం?"

"అడిగారా ఎవరైనా? తీర్పులు చెప్పారు గానీ అడగలేదు. నువ్వూ అంతేగా!"

జూన్ 5

ఇంట్లో టేపు వినిపించాను. అమ్మ గోధుమ పిండి జల్లించడం ఆపేసింది. అత్త రెండుసార్లు "అదిగో, వాళ్ళ నాన్న గొంతు" అంది. ఫెతీ చివరిదాకా నిలబడే విన్నాడు. అయిపోయాక రికార్డరు మూత తనే వేసి, "ఇది జాగ్రత్తగా తీసుకెళ్ళు" అన్నాడు.

జూన్ 10

ఓరాన్.

సీ బూజెమా విన్నాడు. మధ్యలో కళ్ళు తుడుచుకున్నాడు, నేను చూశాను. టేపు ఆగాక అన్నాడు: "అద్భుతం. మళ్ళీ చేసుకురా."

"అంటే?"

"ఇదే కథ, ఆయన గొంతుతో."

"ఇది ఆయన గొంతే."

"అమ్మాయ్, దేశానికి తెలిసిన గొంతు కావాలి. జూలై అయిదున జనం రేడియో పెట్టేది మెస్సౌద్ బాబాయి కోసం. ఈ గొంతు వింటే ఎవరో మీ ఊరి బట్టల కొట్టు ముసలాయన అనుకుంటారు. నవ్వుతారు. ఆయన్ని చూసి నవ్వడం నీకిష్టమా?" తర్వాత గొంతు తగ్గించాడు. "ఆడవాళ్ళ కార్యక్రమం కాగితాలు నీ పేరుతోనే తయారు చేయిస్తున్నా. పాడు చేసుకోకు."

రైల్లో వస్తూ ఆలోచించాను. సీ బూజెమా చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. నవ్వేవాళ్ళు ఉంటారు. కథ పోవడం లేదుగా, ఒక్క అక్షరమేగా. బాబాయి పరువు కోసమే అడగబోతున్నాను. నా కోసం కాదు.

జూన్ 11

నా కోసం కాదు అని నిన్న ఎందుకు రాశాను? ఇది నేను తప్ప చదివేదెవరు?

జూన్ 13

అడిగాను. మెస్సౌద్ బాబాయికి అన్నీ చెప్పేశాను, నా ఉద్యోగం సంగతితో సహా. కోప్పడతాడనుకున్నాను.

"ఇంతేనా! నీ ఉద్యోగం పోతుందంటే ఇంకా ఆలోచిస్తావేం? పెట్టు మైకు. 'గ' నాకేం బరువు కాదు. ఇన్నేళ్ళు మోశాను, ఇంకో గంట మోస్తాను" అన్నాడు.

లాలా యమీనా అంది, "అన్నయ్యా, మాట తీరిపోయిందన్నావు."

"హద్దాకిచ్చింది తీరింది. ఇది ఈ పిల్లకి."

మొదలుపెట్టాడు. సీ బూజెమాకు కావలసిన గొంతు, దేశం మొత్తానికి తెలిసిన గొంతు. ఎక్కడా తడబడలేదు. కాఫీ దుకాణం దగ్గరికి వచ్చాడు. చెయ్యి కాలింది. మెస్సౌద్ లేచాడు. ఇక అక్కడ మెస్సౌద్ మమ్మల్ని వెక్కిరించాలి కదా. మొదటిసారి చెప్పినప్పుడు ఆయన ఆ మాటలు అనుకరించలేదు, ఊరికే చెప్పాడు. అవి తన మాటలే మరి. ఈసారి కాపరి గొంతులోంచి చెబుతున్నాడు కాబట్టి అనుకరించాల్సి వచ్చింది. గొంతు సన్నం చేసి, ముక్కుతో సాగదీసి, స్టేజీ మీద హాస్యగాళ్ళు మమ్మల్ని చేసినట్టు, "ఆహా అల్బీ! అయ్యో నా అహ్వా!"

చాలా బాగా చేశాడు. రేడియోలో వేస్తే ఊరూరా నవ్వుతారు.

లాలా యమీనా పళ్ళెం అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన ఆగలేదు. చివరిదాకా చెప్పి, నీళ్ళు తాగి, మళ్ళీ మా మాటలోకి వచ్చి అడిగాడు: "సరిపోయిందా తల్లీ? మళ్ళీ ఏదైనా చెప్పాలా?"

సరిపోయిందన్నాను. ఆయన చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను, పెద్దవాళ్ళకు పెట్టినట్టు. వచ్చేశాను.

ఎంతమందో మంత్రులయ్యారు, నాయకులయ్యారు. అడిగినవాళ్ళకు తన గొంతు తీసి ఇచ్చేసే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. లాలా హద్దా కొడుకును పోగొట్టుకుని అడిగింది. నేను దేనికోసం అడిగాను?

జూన్ 14

రెండు టేపులూ బల్ల మీద ఉన్నాయి.

అమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఏది ఇస్తావు?" అంది. చాలా రోజుల తర్వాత అమ్మ నన్ను ప్రశ్న అడగడం ఇదే.

"ఇంకా అనుకోలేదు" అన్నాను.

"అనుకున్నాక నాకు చెప్పు. మీ అన్నతో స్టేషనుకు పంపిస్తాను" అంది. ఏది అనుకున్నా సరే అన్నట్టే అంది.

జూన్ 15

రెండో టేపు చెరిపేశాను. ఆయనకు చెప్పలేదు, సీ బూజెమాకూ ఇంకా చెప్పలేదు.

పొద్దుటి రైలుకు ఓరాన్ వెళుతున్నాను. మొదటిదే ఇస్తాను. దాని ముందు మెస్సౌద్ ఎవరో, ఘౌతీ ఎవరో చెప్పే నాలుగు ముక్కలు నేనే చదువుతాను, పుట్టినప్పటి నుంచీ మాట్లాడిన మాటతో. వద్దంటే ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇచ్చుకోమంటాను.